మాట్లాడుతూ ఉండండి

ఏలూరులో మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే సాయిబుగారు ఉండేవారు. సైకిల్ దిగకుండా రోజుల తరబడి తొక్కడం అప్పట్లో పెద్ద వేడుక. ఒకసారి ఆయనా మైదానంలో చుట్టూ తాడు కట్టించుకుని, లోపల గుండ్రంగా తిరిగారు. తాడు పక్కన నిలబడ్డ మమ్మల్ని దాటిన ప్రతిసారీ ఒకటే మాట: "ఏవండీ, మాట్లాడుతూ ఉండండి."

నిద్ర రాకుండా కాబోలనుకున్నాను. ఆఖరి రోజు మధ్యాహ్నం నిమ్మరసం అందించబోతే, ఆయన చెయ్యి గ్లాసుకి జానెడు అవతల తడుముకుంది. తెరిచిన కళ్ళ మీద పల్చగా పాలపొర కమ్మినట్టుంది.

"కనపడటం లేదాండీ?" అన్నాను, పక్కనే పరిగెడుతూ.

"పొద్దుటి నుంచీ అంతా పొగమంచేనండీ. ఒళ్ళు మరీ అలిస్తే కళ్ళూ అలుస్తాయి. నిద్రపోతే తేరుకుంటాయి లెండి. మీ గొంతులు వినబడే చోట తాడుందని తెలిస్తే చాలు."

తాడు దగ్గరికి వెళ్ళి గట్టిగా వరినాట్ల గురించి అందుకున్నాను.

సాయంత్రం గడువు దగ్గరపడగానే జనం చప్పట్లు మొదలెట్టారు. సైకిల్ తూలింది. "చప్పట్లు ఆపి కబుర్లు చెప్పండి" అంటూ తాడు వెంట పరిగెత్తాను. మైదానమంతా కొల్లేటి చేపల గురించి మాట్లాడుతుంటే, ఆయన నిటారుగా తిరిగి గడువు ముగించారు.

చప్పట్లు మర్నాడు కొట్టాం, ఆయన మా ముఖాలు గుర్తుపట్టాక.