ఉప్పు బాబాయ్ గొంతు పోగొట్టింది నేనే

ఆ రోజుల్లో పాటలు గాల్లోంచి ఫోనులోకి వాటంతటవి దిగేవి కావు, ఎవరో ఒకరు ఎక్కించాలి. లారీకి బస్తాలు ఎక్కించినట్టు పెన్‌డ్రైవుకి పాటలెక్కించడం ఒక ఉద్యోగమని ఇప్పటి పిల్లలతో అంటే నవ్వుతారు. నా మొదటి ఉద్యోగం మాత్రం అదే. మార్టూరు బస్టాండు పక్కన మా మావయ్యకు సెల్‌ఫోన్ల కొట్టుండేది. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివి రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని (తప్పానని చెప్పడం ఇష్టంలేక మా అమ్మ కనిపెట్టిన మాట ఇది) అందులో చేరాను. ట్రాక్టర్ల వాళ్ళూ, గ్రానైటు లారీల వాళ్ళూ పెన్‌డ్రైవు బల్ల మీద పడేసి, "మాంచి పాటలెక్కించవయ్యా" అని టీకి పోయేవాళ్ళు. హార్డ్ డిస్కులోంచి పాటల్ని మౌసుతో లాగి అందులో వెయ్యడం నా పని. పొద్దస్తమానం లాగి లాగి విసుగెత్తింది. చదువుకున్నవాణ్ణన్న పొగరు ఎలాగూ ఉంది. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు రాసి ఒక బ్యాచ్ ఫైలు తయారుచేశాను. దాని మీద నొక్కితే నల్ల తెర తెరుచుకుని, ఇ డ్రైవులో ఉన్నదంతా ఎఫ్ డ్రైవులోకి కాపీ అయిపోతుంది. పొద్దున్నే ముందుగా పెట్టే హార్డ్ డిస్కు ఇ, తర్వాత ఎవరి పెన్‌డ్రైవు పెట్టినా అది ఎఫ్. నల్ల తెర మీద తెల్లక్షరాలు పరిగెత్తుతుంటే మావయ్య కంగారుపడి, "ఏందిరా, చెడగొట్టావా?" అన్నాడు. అప్పటికింకా చెడగొట్టలేదు.

మా వైపు ఉప్పు బాబాయ్ అని ఒకాయన ఉండేవాడు. మాకు చుట్టమేం కాడు, కానీ ఆయన ఉప్పు తినని కొంప లేదు గనక అందరికీ బాబాయే. చినగంజాం నుంచి ఆటోలో కల్లుప్పు తెచ్చి ఊరూరా అమ్మేవాడు. ఆటో మీద మైకు, మైకుకి పెన్‌డ్రైవు, అందులో ఆయన గొంతు: "కల్లుప్పు తల్లీ కల్లుప్పు! చినగంజాం కల్లుప్పు! ఆవకాయలో వేస్తే ముక్క మెత్తబడదు తల్లీ! ఇప్పుడు తీసుకోకపోతే వారం దాకా మళ్ళీ రాను, మళ్ళీ రాను!" (మూడో రోజు ఖాయంగా వచ్చేవాడు.) ఒకరోజు ఆయన, "నా అరుపు వెనక నాలుగు పాటలు పెట్టు అబ్బాయ్, నాకూ కాస్త పొద్దుపోద్ది" అని పెన్‌డ్రైవిచ్చాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వచ్చాక హడావుడిగా అన్నీ పీకి మళ్ళీ పెట్టి నొక్కాను. పాటలెక్కలేదు. మళ్ళీ పీకి పెట్టి నొక్కితే ఎక్కాయి. మొదటిసారి ఎందుకు ఎక్కలేదో ఆలోచించే అలవాటు నాకప్పటికి లేదు. జరిగిందేమిటంటే, ఆ మొదటిసారి ముందు పెట్టింది ఆయన పెన్‌డ్రైవు గనక ఇ అదే అయింది. పాటలు ఇటు నుంచి అటు పోవడం మాని, ఉప్పు బాబాయ్ కేక అటు నుంచి మా హార్డ్ డిస్కులోకి వచ్చి పాటల్లో కూర్చుంది.

ఇక ఆ వారం ఎవరొచ్చినా పాటలతోపాటు ఉప్పు కూడా ఎక్కించి పంపాను. మొదట బయటపడింది సౌండ్ బావ దగ్గర. ట్రాక్టరుకి పెద్ద పెద్ద బాక్సులు కట్టి పెళ్ళిళ్ళకు తిప్పేవాడు గనక ఆయనకా పేరు. ఆ రోజు కూడా, "ఆగు బావా, ఇంకా అవలేదు" అని నేనంటున్నా, "అవతల పెళ్ళికొడుకు ఎక్కి కూర్చున్నాడ్రా" అని సగంలో పెన్‌డ్రైవు పీక్కుపోయాడు. ఊరేగింపు నడివీధిలోకొచ్చి, కుర్రాళ్ళంతా చొక్కాలు చెమటలయ్యేలా ఎగురుతుండగా పాటయిపోయి "కల్లుప్పు తల్లీ కల్లుప్పు!" అందుకుంది. రెండువైపులా ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికొచ్చారు. "మా పిల్లాణ్ణి ఉప్పమ్మేవాణ్ణి చేశారు" అని మగపెళ్ళివారు అలిగారు. మర్నాడు సౌండ్ బావ కొట్టు ముందు నిలబడి, "ఏరా బామ్మర్దీ, పెళ్ళిలో నాచేత ఉప్పమ్మిస్తావా? మళ్ళీ మీ గడప తొక్కితే ఒట్టు!" అని బస్టాండంతా వినపడేలా అరిచి పోయాడు.

మావయ్య తిట్లు ఇక్కడ రాయను. నేను ఆ కేకను హార్డ్ డిస్కులోంచి తీసేసి, అక్కడితో ఆగితే బాగుండేది, బ్యాచ్ ఫైలుకి ఇంకో తెలివి నేర్పాను. ఇకమీదట మా డిస్కులో లేనిది పెన్‌డ్రైవులో ఏమున్నా తుడిచేసి, తర్వాత పాటలెక్కిస్తుంది. ఉప్పెక్కిన వాళ్ళందరినీ పిలిచి ఊరికే శుభ్రం చేసిచ్చాను. సౌండ్ బావ ఒక్కడే రాలేదు.

నెల తిరక్కుండా ఉప్పు బాబాయ్ వచ్చాడు. మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. గొంతులో గడ్డ తీశారట, మాట గుసగుసలాగా వస్తోంది. "ఇక అరవొద్దన్నాడ్రా డాక్టరు. పర్లేదులే, అరిచేది మైకేగా. పాటలు మార్చు" అన్నాడు. నొక్కాను. ఆయన ఆటో దాకా వెళ్ళి మైకు పెట్టాడు. ఒక పాటొచ్చింది, ఇంకో పాటొచ్చింది, మూడోదీ పాటే. దిగి మళ్ళీ నా దగ్గరికొచ్చి, "అబ్బాయ్, నా గొంతేదిరా?" అన్నాడు.

మా డిస్కులో లేదని నా బ్యాచ్ ఫైలు దాన్నీ తుడిచేసింది. పోయిన ఫైళ్ళు తీసే సాఫ్ట్‌వేరు పెట్టి వెతికాను. ఆ చోట్లో కొత్త పాటలు కూర్చున్నాయి. మొదట రికార్డు చేసిన చీరాల మైకు సెట్టతను కంప్యూటరే అమ్మేసుకున్నాడు. మావయ్య, "నేను అరుస్తాలే" అని అరిచాడు గాని తగాదాకొచ్చినట్టుంది. నేనూ అరిచాను. నా గొంతు పెట్టుకుని బాబాయ్ రెండు రోజులు తిరిగి, వేసుకుపోయిన బస్తాలు వేసుకుపోయినట్టే తెచ్చాడు. "ఎవరో కొత్తోడనుకుని తలుపు తియ్యట్లేదురా. ముప్ఫై ఏళ్ళు ఈ గొంతుకే అలవాటుపడ్డారు" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టడానికీ గొంతు లేదాయనకు. ఆయన ఉప్పు తిని ఆయన నోరే కొట్టానని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చాడు సౌండ్ బావ. సైకిలేసుకుని పరిగెత్తాను. పొలంలో పత్తి బోరాలు ఎక్కిస్తున్నాడు. "బావా, నీ పెన్‌డ్రైవు ఒక్కసారివ్వు."

"ఎందుకు? ఈసారి చింతపండు కూడా కలుపుతావా?"

జరిగింది చెప్పాను. ఆయన బోరా కింద పెట్టి, ట్రాక్టరులోంచి పెన్‌డ్రైవు తీసి నా చేతిలో పెట్టాడు. "ఉప్పు బాబాయ్ కోసమని ముందే ఏడవచ్చుగా వెధవా! ఆ కేక రాగానే రోజూ నొక్కి దాటేస్తున్నా గాని, తీసెయ్యడం నాకేం తెలుసు?"

ఆ రోజు బ్యాచ్ ఫైలు జోలికి పోలేదు. మౌసుతో, చేత్తో, నెమ్మదిగా లాగాను. కేక వచ్చింది. కల్లుప్పు వచ్చింది, ఆవకాయ వచ్చింది. కానీ బావ సగంలో పీకిన పాపానికి చివర తెగింది. "వారం దాకా మళ్ళీ రా" అని ఆగిపోతోంది. తలొంచుకుని బాబాయ్‌కి వినిపించాను. ఆయన మూడుసార్లు విన్నాడు, తర్వాత చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వాడు. "ఉంచరా. ఇన్నాళ్ళూ రాను రానని అబద్ధాలే చెప్పా" అన్నాడు. ఆ సాయంత్రమే మా వీధిలో ఆడవాళ్ళు గిన్నెలతో వచ్చి, "ఏం బాబాయ్, వచ్చేది నువ్వయితే మమ్మల్ని రమ్మంటావేంటి?" అని ఆటపట్టించారు.

ఇప్పుడు నేను గుంటూరులో ఒక ఆఫీసులో ఫైళ్ళు భద్రం చేసే పనిలో ఉన్నాను. దేన్నయినా మూడుచోట్ల దాస్తానని, తుడిచే ముందు నాలుగుసార్లు అడుగుతానని నా కింది వాళ్ళకు విసుగు. మొన్న మార్టూరు వెళ్ళి మావయ్య కొట్లో కూర్చుంటే ఆ ఆటో వచ్చింది. అల్లుడు నడుపుతున్నాడు, బాబాయ్ పక్కన కూర్చున్నాడు. నన్ను చూసి రమ్మని చెయ్యూపి, "ఏరా, ఇంకా తుడుస్తున్నావా?" అన్నాడు గుసగుసగా. "లేదు బాబాయ్, దాస్తున్నా" అన్నాను. నవ్వాడు. ఆటో కదిలింది. ఆవకాయ ముక్క దాటి, వారం దాకా దాటి, "మళ్ళీ రా" అని మైకు ఆగింది. రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని, ఒక్క నొక్కుతో లోకాన్ని తిప్పేస్తాననుకున్న ఆ కుర్రాణ్ణే పిలుస్తున్నట్టనిపించింది. వాడెక్కడొస్తాడు? వాడి బదులు నేనే లేచి, మావయ్య ఇచ్చిన కవరు పట్టుకుని ఉప్పు కోసం ఆటో వెనక పరిగెత్తాను.