తొంభై రెండు మిల్లీవోల్టులు

జనవరిలో, ఉదయం తొమ్మిదింటికి కొండమీది సైనిక పోస్టు చేరాను. మోకాలి లోతు మంచు. ఇంటి దగ్గర మిరపకోతలు మొదలైన రోజులు.

రేడియో సెట్ల బ్యాటరీల్లో ఒక్కో సెల్లూ కొలిచి రిజిస్టరులో రాయడం నా డ్యూటీ. పర్చూరు చేలల్లో మోటార్లు బాగుచేసిన చేయి నాది. షెడ్డులో బల్బు వెలుగు చూసి వోల్టేజి చెప్పేవాణ్ణి. ఆ పొగరు కొండమీదికీ మోసుకెళ్ళాను.

మీటరు మిల్లీవోల్టుల్లో చూపేది. రిజిస్టరులో వోల్టుల్లో రాయాలి. వెయ్యి మిల్లీవోల్టులైతే ఒక వోల్టు.

"ప్రతిసారీ వెయ్యితో భాగించి రాయి," అన్నాడు హవల్దారు హిందీలో.

నేను అడ్డదారి పట్టాను. 1210 వస్తే మొదటి అంకె తర్వాత చుక్క: 1.21. 980 వస్తే ముందు సున్నా, చుక్క: 0.98. పని చకచకా సాగేది.

ఒకరోజు ఒక సెల్లు 92 చూపింది. అలవాటున 0.92 రాసేశాను. అసలది 0.092. 0.9 దాటితే సెల్లు పనికొచ్చినట్టు లెక్క. ఇది చచ్చిన సెల్లు.

మర్నాడు ఉదయం ఆరింటికి ఆ సెల్లున్న బ్యాటరీతోనే గస్తీ బయల్దేరింది. సెట్టు మోసింది వేటపాలెం వాడు. పోస్టులో నాతో తెలుగు మాట్లాడేది వాడొక్కడే.

"ఏరా, బ్యాటరీ బాగుందా?"

"నేను కొలిచానుగా! పోరా."

పదకొండింటికి మంచుగాలి లేచింది. పది నిమిషాలకు సెట్టులో వాడి గొంతు: "పోస్టు, దారి తప్పాం. మేమున్న చోటు..." అంతే, ఆగిపోయింది.

ఎటు వెతకాలో తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నానికి దొరికారు. స్విచ్ నొక్కీ నొక్కీ చూడడానికి వాడు కుడిచేతి గ్లవ్ తీసేశాడు. ఆ చేతికి బొటనవేలు తప్ప నాలుగు వేళ్ళూ మంచుకు చచ్చుబడి తీసేయాల్సి వచ్చింది.

విచారణలో నా రిజిస్టరు చూశారు. బ్యాటరీ బాగుందన్నారు. దానికి చలి తగలనిచ్చి పాడుచేశాడని తప్పు వాడిమీద రాశారు. తిరిగొచ్చిన బ్యాటరీని నేను అప్పటికే మళ్ళీ కొలిచాను. ఎక్కడ తప్పానో నాకు తెలుసు. నోరు విప్పలేదు. పిరికివాణ్ణి. ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంటాను.

సర్వీసు అయ్యాక ఇంటికొచ్చాను. ఒక ఆదివారం, చెప్పేద్దామనే వేటపాలెం వెళ్ళాను. వాడు అరుగుమీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తున్నాడు. కుడి బొటనవేలితో పప్పును అరచేతికి అదిమిపెట్టి, ఎడమచేత్తో గీకుతున్నాడు. ఆ బొటనవేలు నా కళ్ళముందు నుంచి పోదు.

"బ్యాటరీని కోటు లోపల పెట్టుకోవాల్సిందిరా," అన్నాడు. "నా తప్పే. అందర్నీ చంపేసేవాణ్ణి."

తప్పు నాదని చెప్పబోయాను. ఈలోపు వాడు ఒలిచిన పప్పంతా నా చేతిలో పోశాడు.

"తినరా."

తిన్నాను.