లారీ ఎప్పుడు ఆగదని అడిగిన అత్త

మా మేనత్త పోయిందని పోయిన వారం పోర్ట్‌బ్లెయిర్‌లో డాలీగంజ్ నుంచి ఫోను. నేనప్పుడు మాయాబందర్‌లో లారీకి కూరగాయలు ఎక్కిస్తున్నాను. ఇంకెవరైనా పోయుంటే ఆవిడ "ఎలా పోయార్రా? ఎప్పణ్ణించి బాలేదు? ఏం తిన్నారు?" అని ప్రాణం తోడేసేది. ఇప్పుడా ప్రశ్నలే కావాలనిపిస్తోంది.

అత్త బట్టలు కుట్టి బతికింది. లారీల గురించి ఓనమాలు తెలీవు. ప్రశ్నలకి మాత్రం కొదవ లేదు. ఓ ఆదివారం మా తెలుగు చర్చి గుమ్మంలో పాస్టరుగారిని ఆపి, "అయ్యగారూ, నోవహు ఓడలో అన్ని జంతువులున్నాయి గదా, పేడ ఎవరెత్తారండీ?" అంది. ఆయన నవ్వాలో కోప్పడాలో తెలీక కళ్ళజోడు తుడుచుకున్నారు. మేం సిగ్గుతో చచ్చాం. "అడిగితే ఏం పోద్ది, మహా అయితే తిడతారు," అనేది.

నా లారీ ఇంకా నా చేతిలో ఉందంటే ఆ ప్రశ్నల పుణ్యమే.

ఓ వానాకాలం దానికి వింత జబ్బు పట్టుకుంది. పరుగులో బాగానే ఉండేది. ఎక్కడైనా నిలబెట్టి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజను దగ్గి ఆగిపోయేది. ఫిల్టర్లు మార్చాను, మేస్త్రీ పంపు విప్పి చూశాడు, లాభం లేదు. పోర్ట్‌బ్లెయిర్ దారిలో ఆదివాసుల రిజర్వు అడవిని బళ్ళన్నీ పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా దాటాలి. మధ్యలో ఆగకూడదు.

ఓ రోజు అత్త మాయాబందర్‌లో చుట్టాలింటి నుంచి నాతో వస్తోంది. బళ్ళని సముద్రపాయ దాటించే ఫెర్రీ దిగి చివరి కాన్వాయ్ వరసలో నిలబడ్డామో లేదో ఇంజను ఆగింది. పోలీసు వచ్చి, "భయ్యా, గాడీ ఇలా బంద్ పడితే లోపలికి వదల్ను. సైడ్‌లో లగావ్," అన్నాడు. వెనక వంకాయలు, బీరకాయలు. రేపటికి మెత్తబడతాయి, రైతులు మళ్ళీ నాకు లోడు ఇవ్వరు. ఏడుపొచ్చింది.

అత్త దిగి, "ఇది ఎప్పుడు ఆగదురా?" అంది.

"ఎప్పుడు ఆగుద్దో చెప్తుంటే వినవేంటత్తా!"

"అది అందరూ అడిగారు గదా. ఆగందెప్పుడో చెప్పు."

ఆలోచించాను. "డీజిల్ కొట్టించాక చాలా దూరం బాగుంటది."

"కొట్టించేటప్పుడు ఏం చేస్తార్రా?"

"మూత తీస్తాం. పోస్తాం. మూత పెట్టి కవరు కట్టేస్తాం."

ఫెర్రీ మీద ఉప్పునీళ్ళు, పైన వాన. ట్యాంకులోకి చుక్క దిగకుండా మూత మీద పాలిథిన్ కవరు బిగించడం మా లారీలవాళ్ళకి అలవాటు. అత్త ఆ కవరుని వేలితో మీటింది.

"నూనె డబ్బాకి ఒకటే కన్నం పెడితే నూనె సరిగ్గా పడుద్దేంట్రా? గుటకలేసి ఆగిపోద్ది. గాలికి రెండోది పొడవాలి. మరి దీనికి గాలేదీ?"

మూతకి గాలి పీల్చుకునే సన్న కన్నం ఉంటుంది. గాలి చొరకుండా కవరు మరీ బిగించి నేను మూసేసింది దాన్నే! పరుగులో పంపు బలంగా లాగి నెట్టుకొచ్చేది, కాలు తీస్తే ఆ బలం చాలక ఆగేది. కవరు లాగేసి మూత తిప్పగానే ట్యాంకు ఉస్సుమంటూ గాలి లాక్కుంది. మూత మళ్ళీ పెట్టి, డీజిల్ ఎక్కేలా ఇంజను చేతిపంపు కొట్టి సెల్ఫ్ వేస్తే ఇంజను అందుకుంది. కాలు తీశాను. ఆగలేదు.

గేటు ఎత్తారు. ముందు బళ్ళు కదిలాయి, వెనక హారన్లు. "ఎక్కత్తా, చలో!" అని అరిచాను. అత్త ఎక్కలేదు. ట్యాంకు మూతకి చెవి ఆనించి, వెనక వరసంతటికీ అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడింది.

"ఉండండ్రా," అంది, "ఇంకా ఊపిరి పీల్చుకుంటోంది."