సొరబుర్రలో పాలు

కెన్యాలో నా స్నేహితుడి తల్లి ఇచ్చిన పాలు నేను తాగలేదు. గుడిసె వెనక ఇసుకలో పారబోశాను. తాగానని ఆరేళ్లపాటు చెబుతూ వచ్చాను. అతను నమ్మాడు, ఆమె నమ్మింది.

కువైట్‌లోని దజీజ్‌లో నేను స్టోర్‌కీపర్‌గా పనిచేసే గోదాముకు అతను కాపలా. సంబురు అనే పశువుల కాపరుల తెగవాడు. మధ్యాహ్నం చాయ్ దగ్గర మేకల గురించి మాట్లాడుకుంటూ దగ్గరయ్యాం. మా నాన్న కూడా రాయచోటి పక్కన మేకలు కాసినవాడే. ఒక సెలవుకు ఇద్దరం కలిసి బయల్దేరాం. నాలుగు రోజులు వాళ్లింట్లో ఉండి, అట్నుంచి నేను ఇండియాకు వెళ్లాలని అనుకున్నాం.

నైరోబీ నుంచి రోజంతా బస్సు, ఆపైన లారీ. ఎర్రమట్టి, ముళ్లపొదలు, ఎండిన వంక. మా వైపుకే వచ్చానా అనిపించింది. ముళ్లకంచె లోపల పుల్లలు, పేడ, తోళ్లతో కట్టిన గుడిసె. కట్టింది అతని తల్లే. పైకప్పు ఎక్కడ కారినా తనే మళ్లీ మెత్తుతుందట. సాయంత్రం మంద తిరిగొచ్చినప్పుడు ఆమె లెక్కపెట్టలేదు. ముఖాలు చూసి, ఒక మేకపిల్ల రాలేదని చెప్పింది. పెద్దలు కూర్చున్నచోట చేతికర్ర పట్టుకున్నవాడే మాట్లాడాడు, తక్కినవాళ్లు విన్నారు. ఆ కర్ర మా గోదాము మీటింగుకు పట్టుకెళ్దామా అంటే నా స్నేహితుడు చాలాసేపు నవ్వాడు.

రెండో రోజు ఆమె నాకు సొరబుర్రలో పాలు ఇచ్చింది. ఆ బుర్రను లోపల కాలే పుల్లతో రుద్ది శుభ్రం చేస్తారు. పాలమీద నల్లటి నలుసులు, పొగవాసన. బయట కూర్చుని తాగుతానని సైగ చేసి వెళ్లి, ఎవరూ చూడకుండా వంచేశాను. ఖాళీ బుర్ర చూసి ఆమె నా తలమీద చెయ్యి పెట్టింది.

మర్నాడు పిల్లలు పాలు లేని టీ తాగుతున్నారు. ఎందుకని నా స్నేహితుణ్ణి అడిగాను.

"మేకలు వట్టిపోతున్నాయి బ్రదర్. నిన్నటి పాలు నీకిచ్చాం కదా," అన్నాడు మామూలుగా.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

కువైట్ తిరిగొచ్చాక గదిలో మావాడొకడు అడిగాడు, "ఏం బ్బా, ఆడ ఏం తాపిచ్చిరి నీకు?"

"పాలు. శానా బాగుండాయి."

"నువ్వా? చాయ్‌లో మీగడ తేల్తేనే పారబోస్తావు గదప్పా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అమ్మ పిడకల పొయ్యి మీద కాచిన పాలకూ పొగవాసనే ఉండేది. అవి తాగే పెరిగాను.

ఈ ఏడాది సెలవు నుంచి వస్తూ నా స్నేహితుడు ఒక సొరబుర్ర తెచ్చాడు. మెడ చుట్టూ ఎర్రపూసలు.

"ఈ పూసలు అమ్మ నీకోసం కుట్టింది. మా ఇంటి పాలు తాగినవాడి దగ్గర మా ఇంటి బుర్ర ఉండాలంది."

అందుకోలేకపోయాను. గేటు దగ్గర నిలబడే జరిగిందంతా చెప్పాను. అతను బుర్రను మెల్లగా సంచిలో పెట్టేశాడు.

"ఖలాస్. పాత సంగతి," అన్నాడు నావైపు చూడకుండా.

"అమ్మకు ఫోన్ చెయ్యి. నేనే చెబుతాను."

"ఆమెకెందుకు?"

"ఆ బుర్ర ఎవరి దగ్గరుండాలో ఆమే చెప్పాలి."

ఫోన్ కలిపి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఒక్కో మాటా చెప్పాను. ఆగి ఆగి, అతను తన భాషలో ఆమెకు వినిపించాడు.

"అమ్మా, ఆ రోజు మీ పాలు నేను తాగలేదు. అసహ్యపడి పారబోశాను. అవి పిల్లల పాలని తెలిశాక కూడా నోరు విప్పలేదు. తప్పు నాది. నన్ను క్షమించండి."