నీటికుక్కల ఆంజినమ్మ

ఆంజినమ్మ అవ్వకు ఈత రాదు. ఆ ఊళ్లో ఎవరికీ రాదు. చిన్నప్పుడు మునిగేంత నీళ్లు ఉంటే కదా ఈత నేర్చుకునేది. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే అవ్వ చీర మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, రిజర్వాయరు కట్ట దిగి, పుట్టి ఎక్కి కూర్చుంటుంది. పుట్టి అంటే పెద్ద గంపలాగా గుండ్రంగా ఉండే పడవ. దానికి ముందూ వెనకా లేదు. మాట మొదలుపెడితే అవ్వకూ అంతే. ఆ జాకెట్టులో ఆమెను దూరం నుంచి చూస్తే పండిన గుమ్మడికాయకు తల మొలిచినట్టు ఉంటుంది. ఈ మాట ఆమె చెవిన పడితే ఆ పూట అన్నవాళ్లకు సంగటి దొరకదు.

పుట్టిలో వచ్చినవాళ్లకు నీటికుక్కల్ని చూపించడం అవ్వ పని. జీతం లేదు, ఇష్టమైతే చేయడమే. నీటికుక్క అంటే పేరుకే కుక్క. ముంగిసను పట్టి సాగదీసి, నూనె రాసి నీళ్లలో వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గుంపులుగా ఈదుతుంది. పక్షిలాగా ఈలలు వేస్తుంది. చేపను రెండు చేతులా పట్టుకుని, పిల్లలు జొన్నకంకి కొరికినట్టు కొరుక్కు తింటుంది.

అవ్వ కాపురానికి వచ్చిన కాలంలో ఆ రిజర్వాయరు పేరుకే రిజర్వాయరు. లోపల తుమ్మచెట్లు మొలిచి, నేల నెర్రెలు విచ్చి ఉండేది. అవ్వ తన మేకల్ని అందులోనే మేపింది. మధ్యలో పెద్ద పెద్ద గుండ్లు పేర్చినట్టు ఒక చిన్న గుట్ట ఉంది. కాపర్లందరూ మధ్యాహ్నం దాని నీడకు చేరి సద్ది మూటలు విప్పేవాళ్లు కాబట్టి దాన్ని సద్దిగుండు అనేవాళ్లు. తర్వాత ఎప్పటికో కాలవ నీళ్లు వచ్చాయి, వానలు కూడా వరుసగా పడ్డాయి. తుమ్మచెట్లు మునిగిపోయాయి. సద్దిగుండు దీవి అయింది. కాలవ వెంబడి నీటికుక్కలు వచ్చి ఆ గుండ్ల సందుల్లో కాపురం పెట్టాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవ్వ మోకాళ్లు మొరాయించాయి. మేకల్ని అమ్మేశారు. అవ్వను పంచలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంట్లో తలా ఒక ఫోను, ఎవరి లోకం వాళ్లది. ఆమె మాట వినడానికి మిగిలింది మొగుడు బాలప్ప తాత ఒక్కడే. ఆయనకు ఎడమ చెవి వినపడదు. ఆయన ఎప్పుడూ ఆ చెవినే అవ్వ వైపు పెట్టి కూర్చుంటాడు.

గుత్తి నుంచి హేమ అనే సైన్సు టీచరమ్మ వచ్చి, ఆదివారాలు జనాన్ని పుట్టిలో తిప్పి నీటికుక్కల్ని చూపిస్తామని, ఊళ్లోవాళ్లు తోడు రావాలని అడిగింది. కుర్రాళ్లు దుడ్లు ఎంతిస్తారని అడిగారు. ఏమీ ఇవ్వరని తెలిశాక క్రికెట్టుకు పోయారు. అవ్వ మాత్రం కుర్చీలోంచి లేచింది. హేమ ఆమెను ఎగాదిగా చూసి, ఆ గుట్ట గురించి ఏం తెలుసని అడిగింది. దాని మీద తాను తిన్నన్ని పూటలు ఇంట్లో కూడా తినలేదని అవ్వ చెప్పింది.

పుట్టిలో అవ్వకు ఎదురు లేకుండా పోయింది. బెంగళూరు నుంచీ పుట్టపర్తి నుంచీ వచ్చిన జనం నోరెత్తకుండా వినేవాళ్లు. వినక ఏం చేస్తారు, చుట్టూ నీళ్లు. ఎక్కడ నీళ్ల కింద తన ఎర్రమేక ఈనిందో చెప్పేది. ఏ తుమ్మచెట్టు కొమ్మ మీదికి బాలప్ప తాత ఎలుగుబంటికి భయపడి ఎక్కాడో, ఆ ఎలుగుబంటి తర్వాత చూస్తే గొంగడి కప్పుకున్న పక్క ఊరి కాపరి ఎలా అయిందో చెప్పేది. చిప్స్ పొట్లం నీళ్లలో వేయబోయినవాణ్ని, మీ ఇంట్లో బిందెలో కూడా ఇట్లే వేస్తారా అప్పా అని నెమ్మదిగా అడిగేది. ఇంటికి వచ్చాక ఆ ఆదివారం ఎవరెవరు ఏమేం అడిగారో బుధవారం దాకా చెప్పేది. గురువారం నుంచి వచ్చే ఆదివారం కోసం ఎదురుచూసేది.

చిక్కు ఒక్కటే. అవ్వ దేనికీ వేలు చూపించదు.

ఆ ప్రాంతం ఇళ్లలో సొరపిందెకో గుమ్మడిపిందెకో ఎవరూ వేలు చూపించరు. చూపిస్తే రాలిపోతుంది. తప్పనిసరైతే వేలు మడిచి, కణుపుతో చూపిస్తారు. మిగతావాళ్లు ఈ పద్ధతిని కూరగాయల దగ్గరే ఆపేశారు. అవ్వ ఆపలేదు. పెరిగేదేదైనా ఆమె లెక్కలో పిందే. మేకపిల్లలకు చూపించలేదు, సొంత మనవళ్లకు చూపించలేదు, నీటికుక్కలకు మాత్రం ఎందుకు చూపిస్తుంది? "ఆడ, ఆడ" అంటూ గడ్డం ఎత్తేది, మోచెయ్యి విదిలించేది. జనం తలా ఒక దిక్కుకు చూసేవాళ్లు. అందరూ ఒక దిక్కుకు తిరిగేసరికి నీటికుక్క మునిగిపోయేది, నీళ్ల మీద ఒక వలయం మిగిలేది.

హేమ ఒక వెదురు కట్టె తెచ్చి ఇచ్చింది. కట్టెను పట్టుకునేది కూడా తన చెయ్యే కదా అని అవ్వ దాన్ని వెనక్కి ఇచ్చేసింది. తెడ్డు వేసే వీరప్పతో మాట్లాడుకుని ఇంకో ఉపాయం చేసింది. నీటికుక్క కనపడగానే ఆమె దగ్గేది, వీరప్ప పుట్టిని గిర్రున తిప్పి జనాన్ని అటు మళ్లించేవాడు. రెండు దగ్గులకు పుట్టపర్తి నుంచి వచ్చిన ఒకావిడ పొద్దున తిన్న ఇడ్లీ నీళ్లపాలైంది. చేపలు మాత్రం సంతోషించాయి.

ఫిర్యాదులు హేమ దాకా పోయాయి. ఒక శనివారం ఆమె ఇంటికే వచ్చి, పంచలో కూర్చుని, నచ్చజెప్పే గొంతుతో విషయం చెప్పింది. రేపు అటవీ శాఖ నుంచి ఒక అధికారి వస్తున్నాడు. ఈ పడవ తిరుగుళ్లు సాగాలా ఆపాలా అన్నది ఆయన చూసి చెబుతాడు. ఆయనకూ నీటికుక్కలు కనపడకపోతే, తిరుగుళ్లు సాగినా పుట్టిలో అవ్వ చోటు డిగ్రీ చదివే భారతికి ఇవ్వక తప్పదు. అవ్వ కట్ట మీదే ఉండి జాకెట్లు అందించవచ్చు.

జాకెట్లు ఇచ్చేవాళ్లతో ఎవరు మాట్లాడతారు? తొడుక్కుంటారు, పోతారు. కట్ట మీద కూర్చునే చోటుకూ ఇంటి పంచకూ ఏమీ తేడా లేదు. అవ్వ ఆ రాత్రి సంగటి ముద్దను సగంలో వదిలేసింది. అది ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడని వింత.

ఆదివారం అధికారి నల్ల కళ్లద్దాలతో, మెడలో దుర్భిణితో వచ్చాడు. మర్యాదైన మనిషి. అవ్వ పక్కనే కూర్చున్నాడు. భారతి కూడా నేర్చుకోవడానికని పుట్టి ఎక్కింది. సద్దిగుండు దగ్గరికి చేరేసరికి అవ్వకు ముందుగా కనపడింది. తల్లి నీటికుక్క గుండు మీద ఎండకు పొర్లుతోంది. దాని చుట్టూ కళ్లు అప్పుడప్పుడే తెరిచిన పిల్లలు, ఒకదాని మీద ఒకటి పడుతూ. అన్నాళ్లలో పిల్లల్ని ఎవరూ చూడలేదు.

అవ్వ గడ్డం ఎత్తింది. అధికారి నీటికాకిని చూశాడు. మోచెయ్యి చూపింది. ఆయన ఒడ్డున గేదెను చూశాడు. అవతల తల్లి లేచి, ఒక పిల్లను మెడ దగ్గర కరుచుకుని సందులోకి పోవడానికి తిరిగింది. హేమ గుండును చూడడం లేదు, అవ్వ ముఖాన్నే చూస్తోంది. భారతి ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

అవ్వ చెయ్యి చాచింది. చూపుడు వేలు నిటారుగా నిలబడింది.

అందరూ చూశారు. అధికారి దుర్భిణి దించకుండా చాలాసేపు చూసి, తన ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదని, తిరుగుళ్లు సాగనివ్వమని చెప్పాడు. హేమ అవ్వ భుజం నొక్కింది. అవ్వ ఆ వేలిని నోట్లో పెట్టుకుని, కణుపు కణుపుకూ కొరుక్కుంది. వేలు చూపించిన తప్పుకు అది విరుగుడు. ఒడ్డు చేరేదాకా కొరుక్కుంటూనే ఉంది. పన్ను నొప్పా అని వీరప్ప అడిగాడు.

తర్వాతి ఆదివారం సద్దిగుండు ఖాళీగా ఉంది. ఆ పై ఆదివారమూ అంతే. గుండు మీద ఎండిన చేప పొలుసులు తప్ప ఏమీ లేవు. హేమ కారణం చెప్పింది. చేలకు నీళ్లు వదిలారు. రిజర్వాయరు తగ్గి, గుట్టకూ ఒడ్డుకూ మధ్య బురద దారి తేలింది. ఊరకుక్కలు అటు పోతున్నాయి. తల్లి పిల్లల్ని వేరే చోటికి మార్చుకుని ఉంటుంది. అవ్వ చివరిదాకా వింది.

"అన్నీ నిజమే పాపా. నీళ్లు తగ్గినాయి, కుక్కలొచ్చినాయి. నేను యేలు చూపిచ్చినాను. అది గూడా నిజమే గదా."

జాకెట్టు విప్పి భారతి చేతిలో పెట్టి, కట్ట ఎక్కి ఇంటికి వచ్చేసింది.

మళ్లీ పంచ, మళ్లీ ప్లాస్టిక్ కుర్చీ. హేమ ఫోను చేసినప్పుడల్లా అవ్వ మోకాలి నొప్పి అంది. ఒకసారి కుడి మోకాలు, ఒకసారి ఎడమది. ఎండలు ముదిరేదాకా ఇలాగే సాగింది. అవ్వ మాట్లాడకపోతే ఇల్లు బాగుంటుందని అందరూ అనుకునేవాళ్లు. తీరా చూస్తే బాగాలేదు. తాత అయితే వినపడే చెవిని ఆమె వైపు తిప్పి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక ఆయనే కదిలించాడు.

"ఏమ్మే, బోటుకు పోవా ఇంక?"

"నా చేయి మంచిది గాదు."

"పెండ్లయినప్పట్నుంచి నా ముఖానికి యేలు చూపిచ్చి తిడతానే ఉండావు. నేను రాలిపోయినానా?"

"నువ్వు పిందెవా? ముదిరిన కాయవి."

"పెండ్లినాడు పిందెనే గదా."

పెళ్లినాటికి తాత పిందా కాయా అన్నది తేలలేదు. తాత ఆ వాదన వదిలేసి, వీరప్ప చెప్పిన సంగతి చెప్పాడు. నీటికుక్కలు లేకపోయేసరికి జనం పుట్టిలో ఫోన్లు చూసుకుంటున్నారట. ఆ గుట్ట ఏమిటని ఎవరో అడిగితే, ఏమీ లేదు, ఉత్త రాళ్లకుప్ప అని భారతి చెప్పిందట.

"రాళ్లకుప్పా?" అంది అవ్వ.

ఆదివారం పొద్దున కట్ట మీద నిలబడి ఉంది. ఆమెను చూసి భారతి నవ్వి, తన చోటు ఇవ్వడానికి లేచింది. హేమ మాత్రం కాస్త ఆలోచనలో పడింది. నీటికుక్కలు తిరిగి రాలేదని, వచ్చినవాళ్లకు ఏం చూపిస్తావని అడిగింది.

"చూపియ్యను. చెప్తా."

పుట్టి కదలగానే అవ్వ జనం వైపు తిరిగింది. "ఈ పొద్దు మీకేమీ కనపడదు. ముందే చెప్తాండా, మళ్లా నన్ను అడగొద్దండి." కొందరి ముఖాలు మాడిపోయాయి. ఒకాయన దిగిపోదామని చూశాడు, అప్పటికే ఒడ్డు దూరమైంది. అవ్వ ఎర్రమేకతో మొదలుపెట్టింది. తుమ్మచెట్టూ ఎలుగుబంటీ అయ్యాక, సద్దిగుండు పక్కకు పోయేసరికి ఆ గుండ్ల మధ్య తల్లి తన పిల్లల్ని ఎలా పొర్లించిందో, మెడ పట్టి ఎలా మోసిందో చెప్పింది. తన వేలి సంగతి కూడా చెప్పింది. దాచలేదు. వీరప్ప తెడ్డు వేయడం మానేశాడు. పుట్టి తనంతట తానే మెల్లగా తిరుగుతోంది, ఎవరికీ వాంతి కాలేదు. అవి మళ్లీ వస్తాయా అని ఒకమ్మాయి అడిగింది.

"నాకేం తెలుసమ్మా. అవేమన్నా నాకు చెప్పి పోయినాయా."

కట్ట చేరాక, మొదట్లో దిగిపోదామని చూసిన ఆయన హేమ దగ్గరికి పోయి, ఇంత దూరం వచ్చి ఏమీ చూడలేదని గట్టిగానే చెప్పాడు. ఆయన భార్య ఇంకా పుట్టి దగ్గరే ఉంది. ఎర్రమేక ఈనిన పిల్ల ఏమైందో అవ్వను అడుగుతోంది. హేమ ఇద్దరినీ చూసింది. ఆయనకు ఏదో సర్దిచెప్పి పంపి, తర్వాతి జట్టుకు జాకెట్లు ఇమ్మని భారతికి చెప్పి, అవ్వ దగ్గరికి వచ్చింది.

"అవ్వా, వాళ్లు ఎదురుచూస్తాండారు. ఎక్కు."

"ఉండు పాపా, నోరెండిపోయినాది," అని అవ్వ కట్ట మీద కూర్చుని సీసా మూత తీసింది. జాకెట్లు తొడుక్కున్న జనం పుట్టిలో ఎండకు కూర్చుని, ఆమె నీళ్లు తాగడం అయ్యేదాకా చూస్తూ ఉన్నారు.