తాత మోరిస్ మైనర్‌లో నా ఎడమ సీటు

మా చిన్నప్పుడు... బరంపురంలో మా తాత కారు ఎడమ పక్కకి తిరగాలంటే నేను గుద్దాలి.

నిజమండీ. అది మోరిస్ మైనర్. ఇంగ్లండులో పుట్టి, ఎవరెవరి చేతులో మారి, నేను పుట్టకముందే గోసాని నువాగాం పేటలో మా ఇంటికొచ్చేసింది. మీగడ రంగు, గుండ్రటి బుగ్గలు... ఇప్పటి కార్లలా మిణుకుమిణుకుమనే లైటు కాదు దానికి. మలుపు తిరిగేటప్పుడు తలుపు పక్క స్తంభంలోంచి నారింజ రంగు చెయ్యి ఒకటి పైకి లేచేది. కుడి చెయ్యి బుద్ధిగా లేచేది. ఎడమది మాత్రం సముద్రపు గాలికి తుప్పు పట్టి మొరాయించేది. తాత మీట తిప్పగానే నేను నా భుజం వెనక స్తంభం మీద పిడికిలితో రెండు గుద్దులు గుద్దితే... టక్కుమని లేచేది! మామ్మ గుద్దినా లేవలేదు, అన్నయ్య గుద్దినా లేవలేదు. అంచేత ముందు ఎడమ సీటు నాది. అన్నయ్య ఏడ్చి గీపెట్టినా నాదే.

తాతది పట్టుచీరల వ్యాపారం. ఆదివారం వస్తే దగ్గర్లోని చికిటి ఊరి కొట్లకి చీరలు చూపించడానికి బయల్దేరేవాళ్ళం. మామ్మ కారు ముక్కుకి బొట్టు పెట్టి, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టేది. కారు కొన్ననాడు పెడితే చాలదా, వారం వారం ఎందుకని తాత విసుక్కునేవాడు. మామ్మ వింటేగా! చితికిన నిమ్మకాయల వాసన, ఎండకి వేడెక్కిన సీట్ల వాసన, వెనక మూటల్లోంచి కొత్త పట్టు వాసన... ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వచ్చేస్తాయి.

దారి పొడుగునా మాకో ఆట ఉండేది.

"ఏటుందే ముందల?" అనేవాడు తాత.

"రిక్షా, తాతా!"

"ఇంకేటి?"

"రెండు మేకలు... ఆఁ, దాటీసినాయి."

"దాటీసినాయా? అయితే పద."

అలా నత్తనడకన వెళ్ళేవాళ్ళం. "మీ తాత కారు కన్నా మా గేదె ముందెల్లిపోతాది" అని వీధిలో పాలాయన నన్ను ఏడిపించేవాడు. తాతకి కారంటే ముద్దు, అందుకే మెల్లగా తోలుతాడని మామ్మ అనేది. ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం...

నేను ఐదో క్లాసులో ఉండగా, ఓ రోజు భోజనాల దగ్గర తాత "కారు అమ్మేత్తన్నాను" అన్నాడు. ఎందుకని మామ్మ అడిగితే "పాతదైపోనాది" అన్నాడంతే. నేను కంచం ముందునుంచి లేచిపోయాను.

నాలుగు రోజులకి చికిటి నుంచి బియ్యం మిల్లు ఆసామి ఒకాయన కారు చూసుకోడానికి వచ్చాడు. తాత తనే తోలి చూపిస్తానన్నాడు. ఆసామి వెనక కూర్చున్నాడు. నేను నా సీట్లో కూర్చున్నాను గానీ, మనసులో ఒకటే నిర్ణయం. గుద్దను. చెయ్యి లేవకపోతే ఈ కారు ఎవరు కొంటారు? మాట్లాడను కూడా.

"ఏటుందే ముందల?" అన్నాడు తాత.

నేను పలకలేదు.

"అమ్మడూ... ఏటుంది?"

పెదాలు బిగించుకుని చేతులు తొడల కింద పెట్టేసుకున్నాను. మా సందు మలుపు వచ్చింది. తాత మీట తిప్పాడు. చెయ్యి లేవలేదు. నాకు లోపల సంబరం... అంతలో సందు మొగలో మరమరాల బుట్ట నెత్తినెట్టుకుని ఒక ముసలమ్మ రోడ్డు దాటుతోంది. పట్టపగలు, ఎదురుగా. తాత ఆపుతాడు కదా అనుకున్నాను. కారు ఆగలేదు. అక్కడ ఎవరూ లేనట్టే ముందుకి పోతోంది.

"తాతా! ముసలమ్మ!" అని గట్టిగా అరిచాను.

జానెడు దూరంలో ఆగాం. బుట్ట పడిపోయి మరమరాలు రోడ్డంతా తెల్లగా పరుచుకున్నాయి. కళ్ళు లేవా నీకు అని ముసలమ్మ ఒడియాలో శాపనార్థాలు పెట్టింది. తాత తలుపు తీసుకుని దిగి, దండం పెట్టి, తెలుగులోనే అన్నాడు...

"కళ్ళు నేవమ్మా... సరిగ్గా నేవు."

ఆ ఒక్క ముక్కతో నాకు అంతా అర్థమైపోయింది. రిక్షాలూ, మేకలూ... అది ఆట కాదు. ఇన్నాళ్ళూ తాత నా కళ్ళతో కారు తోలాడు. నేనేమో ఆ రోజే నోరు కట్టేసుకున్నాను. ఏడుస్తూ పరిగెత్తి తాత పంచె పట్టుకున్నాను.

"అందుకేనే అమ్మేత్తన్నాను," అన్నాడు నా తల నిమురుతూ. "నీ తప్పేటీ నేదు."

ముసలమ్మకి మరమరాల డబ్బులిచ్చి పంపాక ఆసామి నెమ్మదిగా అన్నాడు, "బాబుగారూ, మీరు ఎనక్కి రండి. నాను తోల్తాను." తాత వెళ్ళి వెనక కూర్చున్నాడు. మా కారులో తాత వెనక కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

కారు తీసుకెళ్ళే రోజున ఎక్కడ గుద్దాలో ఆసామికి నేనే చూపించాను. ఆయన గుద్దాడు... టక్కుమని లేచింది. మామ్మకి లేవని చెయ్యి! నా ప్రాణం ఉసూరుమంది. మామ్మ నాలుగు నిమ్మకాయలూ పెట్టింది. కారు వాటిని చితక్కొట్టుకుంటూ సందు మలుపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం తాత నా భుజం మీద చెయ్యేసి నడకకి బయల్దేరాడు. నాలుగడుగులు వేశాక అడిగాడు, "ఏటుందే ముందల?" ఆ రోజు మొదలు... తాత ఉన్నన్నాళ్ళూ నేను చెప్తూనే ఉన్నాను. గోడ మీద పిల్లినీ, అరుగు మీద ఆరేసిన వడియాలనీ కూడా వదల్లేదు.

ఇప్పుడు నాకూ కారుంది. ముందు మలుపుందని ఫోనే చెప్తుంది. చెయ్యి లేపక్కర్లేదు, గుద్దక్కర్లేదు... ఎడమ సీట్లో నా హ్యాండ్‌బ్యాగు కూర్చుంటుంది. అయినా ఆ సందు మలుపు దగ్గర మాత్రం పైకే అనేస్తాను, "ఎవరూ లేరు తాతా... పద" అని.

ఆటనుకుని చేసిన పని ఎవరికో ఆసరా అయిందని తెలిసిన రోజు... మీకూ ఉందా? చెప్పండి, వినాలనుంది.