మామకు నేర్పిన జవాబులు

తీవ్రమైన మానసిక వ్యాధులు దేశానికి ఎంత భారమో కళాశాల చర్చాపోటీలో ఒకసారి గట్టిగా వాదించాను. రోగి పని మానేయడం వల్ల కలిగే నష్టాన్నే చెప్పాను. మా ఇంట్లో వ్యాధి అమ్మ తమ్ముడిది, మా మామది. పని మానేసింది అమ్మ. ఆ సంగతి నా వాదనలో ఎక్కడా లేదు.

బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ కంపెనీలో అమ్మ మిషను మీద కాలర్లు కుట్టేది. తమ్ముడికి స్కిజోఫ్రీనియా ముదిరి, పొయ్యి వెలిగించి మరచిపోవడం, చెప్పకుండా ఇల్లు దాటి వెళ్ళిపోవడం మొదలయ్యాక ఆమె ఇల్లు కదలలేకపోయింది. వైకల్య ధ్రువపత్రం వస్తే పగటిపూట చూసుకునే కేంద్రంలో మామకు చోటు దొరుకుతుంది; అమ్మ మళ్ళీ పనికి వెళ్ళవచ్చు. మా ఆశ అంతవరకే.

ధ్రువపత్రం కోసం జరిగే వైద్యపరీక్షకు మేము చేసిన తయారీ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెద్దాసుపత్రికి వెళ్తున్నామని అమ్మ మామకు గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా తొడిగింది. నేను వారం రోజుల పాటు జవాబులు నేర్పాను: కళ్ళలోకి చూడు, తడబడకు, అడిగినంతే చెప్పు. డాక్టర్ల ముందు మా మనిషి పరువుగా కనిపించాలన్నదే మా తపన.

మామ అన్నిటికీ చక్కగా బదులిచ్చాడు. ధ్రువపత్రానికి చాలినంత వైకల్యం లేదని రాసిచ్చారు.

"పెండ్లిచూపులకు తయారు చేసినట్ల చేస్తిరి గదమ్మా!" అని వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ అమ్మను చూసి నవ్వింది. "మా కోడల్ని చూడు, లేసిన మొగంతోనే పిలుచుకొచ్చినా."

మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఈసారి ఎవరూ ఏమీ నేర్పలేదు. మామ తనంతట తాను ఏమేం చేసుకోలేడో చెప్పమని డాక్టరు అమ్మను అడిగారు. పక్కనే తమ్ముడు. ఆమె దరఖాస్తు కాగితం మడతలు సరిచేస్తూ కూర్చుంది. సాయం కావాలంటే మనిషిని అతని ఎదుటే తక్కువ చేసి చెప్పమనడం న్యాయమా? పరువు పేరిట నిజం దాచి, అన్యాయం చేసింది మేమే కాదా? రెండు పక్షాల తరఫునా వాదించగలను. ఆ గదిలో మాత్రం ఆ వాదనలేవీ పనికిరాలేదు.

"చెప్పక్కా," అన్నాడు మామ. "సుమ్నే నోరు మూసుకోని కూచుంటే ఎట్ల? నాకు నీళ్ళు పోసేది నువ్వే గదా. పొయ్యి సంగతి గూడా చెప్పు."

అమ్మ తల వంచుకుని ఒక్కొక్కటే చెప్పింది.

ధ్రువపత్రం వచ్చింది. మామకు కేంద్రంలో చోటు దొరికింది. కంపెనీవాళ్ళు అమ్మను తీసుకున్నారు కాని, ఇన్నేళ్ళలో చేతి వేగం పోయిందని మిషను ఇవ్వలేదు. ఎవరో కుట్టిన కాలర్లకు దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.